బాపట్ల గింజ, మార్టేరు గింజ



2025 మే 4న ఢిల్లీలో కేంద్ర వ్యవసాయ శాఖ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ రెండు కొత్త వరి వంగడాలను ప్రకటించారు. ఒకటి డీఆర్ఆర్ ధాన్ 100. దానికి కమల అని పేరు పెట్టారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థలో తయారైంది. రెండోది పూసా డీఎస్టీ రైస్ 1. అది ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్లది. రెండింటినీ జన్యు సవరణ పద్ధతిలో తయారుచేశారు. అంటే బయటి నుంచి కొత్త జన్యువు తెచ్చి పెట్టకుండా, మొక్కలో ముందునుంచీ ఉన్న జన్యువునే ఒకచోట కొద్దిగా మార్చారు. మన దేశంలో ఈ పద్ధతిలో పుట్టిన తొలి వరి వంగడాలు ఇవే.

ఆ వార్తలో క్రిస్పర్ అనే మాట, ఈ సవరణ చేసే పనిముట్టు పేరు, బాగా వినబడింది. దాని పక్కనే ఉన్న ఇంకో సంగతిని చాలామంది చదివీ చదవనట్టు దాటేశారు. కమలకు తల్లి వంగడం బీపీటీ 5204, మన సాంబ మసూరి. బాపట్లలో పుట్టింది. పూసా డీఎస్టీ రైస్ 1కు తల్లి ఎంటీయూ 1010, మన కాటన్‌దొర సన్నాలు. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో పుట్టింది. దేశంలో వందల వరి వంగడాలు ఉండగా, ఇంత పెద్ద ప్రయోగానికి శాస్త్రవేత్తలు ఎంచుకున్న రెండూ మన చిన్న ఊళ్ల పరిశోధన కేంద్రాల నుంచి వచ్చినవే. తెలుగువాళ్లుగా దీనికి సంతోషించడం సహజం. అయితే ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ సంతోషం గురించి కాదు. గాజుసీసాల మధ్య జరిగే అణుజీవశాస్త్రం, మడిలో బురదలో నిలబడి చేసే ప్రజననం వేరువేరు పనులని మనం అనుకుంటున్నాం. అవి ఒకే పని. ఒకదాన్ని పస్తు పెట్టి ఇంకోదాన్ని పోషించలేం. ఈ రెండు గింజల చరిత్ర చూస్తే అది తెలుస్తుంది.

ముందు బాపట్ల సంగతి. సాంబ మసూరిని రూపొందించిన శాస్త్రవేత్త డాక్టర్ ఎం.వి.రెడ్డి. వంగడం 1986లో విడుదలైంది. దాని వంశవృక్షం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒకవైపు జీఈబీ 24. కోయంబత్తూరులో దాదాపు వందేళ్ల కిందట ఎంపికచేసిన సన్నగింజ వరి అది. దాన్ని తైవాన్ నుంచి వచ్చిన పొట్టి వంగడం తైచుంగ్ నేటివ్ 1తో సంకరం చేశారు. ఆ సంతానాన్ని మళ్లీ మసూరితో కలిపారు. ఆ మసూరి మలేసియాది. దాని పూర్వీకుల్లో జపానికా రకం రక్తం కూడా ఉంది. అంటే మన ఇళ్లలో పెళ్లికీ పండక్కీ వండుకునే సన్నబియ్యంలో తమిళనాడు, తైవాన్, మలేసియా అన్నీ కలిసి ఉన్నాయి. తమిళనాడులో మన బీపీటీనే ఆంధ్రా పొన్ని అని పిలుచుకుని తింటారు. గింజ ఏ ఊరిదో బియ్యం బస్తా మీద రాసి ఉండదు కదా!

సంకరం చేయడం అంటే ఏమిటో కొంచెం దగ్గరగా చూద్దాం, ఎందుకంటే ఈ పని చాలామందికి తెలియదు. వరిపువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఒకే పొట్టు లోపల ఉంటాయి. పువ్వు విచ్చుకునేలోపే తన పుప్పొడి తన మీదే పడిపోతుంది. అందుకని శాస్త్రవేత్త ముందురోజు సాయంత్రమే వెన్ను దగ్గర కూర్చోవాలి. మరునాడు విచ్చుకోబోయే పువ్వులేవో కంటితో గుర్తుపట్టాలి. ఒక్కొక్క పువ్వు పొట్టును పైన ఏటవాలుగా కత్తిరించి, లోపలున్న ఆరు పుప్పొడి తిత్తులను చిమటాతో ఒక్కటీ మిగలకుండా, ఒక్కటీ చిట్లకుండా తీసేయాలి. మధ్యలో ఉన్న కీలాగ్రానికి దెబ్బ తగలకూడదు. తర్వాత ఆ వెన్నుకు నూనెకాగితం సంచి తొడిగి, పేరు, తేదీ రాసిన చీటీ కట్టాలి. మరునాడు పొద్దున్న ఎండ ఎక్కుతుండగా, తండ్రి మొక్క పువ్వులు విచ్చుకునే ఆ రెండు మూడు గంటల్లో, దాని వెన్ను తెచ్చి ఈ సంచిలోకి దులపాలి. అంతా సవ్యంగా జరిగితే నెలరోజులకు కొన్ని గింజలు వస్తాయి, అవీ పైన పొట్టు తెగి సగం బయటికి కనబడుతూ ఉంటాయి. ఆ గింజల నుంచి మొదలుపెట్టి, తరం తర్వాత తరం వేల మొక్కలు పెంచి, పనికిరానివి పీకేస్తూ పోతే, ఏడెనిమిదేళ్లకో పదేళ్లకో ఒక వంగడం తేలుతుంది. చాలాసార్లు ఏదీ తేలదు. సాంబ మసూరి అలా తేలిన వంగడం.

తిన్నవాళ్లకు బాగా నచ్చింది. మిల్లులో నూక తక్కువ, అన్నం పలుకుపలుకుగా వస్తుంది. రైతుకు మాత్రం సమస్యలు ఉన్నాయి. పంట కాలం 145 నుంచి 150 రోజులు. నీళ్లు ఆఖరుదాకా ఉండాలి. తెగుళ్లకు తట్టుకోదు. ముఖ్యంగా బ్యాక్టీరియా వల్ల వచ్చే ఎండాకు తెగులు. తుఫాను గాలికి ఆకులు ఒరుసుకుని చీలికలు పడతాయి, ఆ గాయాల్లోంచి సూక్ష్మజీవి లోపలికి పోతుంది. ఆకు కొస నుంచి పసుపుపచ్చగా ఎండుతూ వస్తుంది. దీనికి చల్లి తగ్గించుకోవడానికి నమ్మకమైన మందు లేదు. మొక్కకే నిరోధక శక్తి ఉండాలి.

ఇక్కడ కథలోకి హైదరాబాద్ ప్రయోగశాల వస్తుంది. హబ్సిగూడలో ఉన్న సీసీఎంబీని, అంటే కణ, అణు జీవశాస్త్ర కేంద్రాన్ని, పుష్పమిత్ర భార్గవ స్థాపించి నడిపించారు. అక్కడ రమేశ్ సోంటి బృందం ఈ ఎండాకు తెగులు కలిగించే బ్యాక్టీరియా మీదే పనిచేసేది. రాజేంద్రనగర్‌లో అప్పట్లో వరి పరిశోధన డైరెక్టరేట్ అని పిలిచే సంస్థలో ఆర్.ఎం.సుందరం తదితరులు వరి ప్రజననం మీద ఉన్నారు. ఈ రెండు చోట్ల వాళ్లు కలిసి సాంబ మసూరికి తెగులు నిరోధక జన్యువులు ఎక్కించే పనికి పూనుకున్నారు.

ఎక్కించవలసినవి మూడు జన్యువులు. వాటిలో ఎక్స్ఏ 21 అనేది ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిలో ఉండేది. ఆ అడవి వరికి ఎండాకు తెగులు సోకదని 1970లలో గమనించింది కటక్‌లోని వరి పరిశోధన సంస్థలో పనిచేసిన దేవదత్ అనే శాస్త్రవేత్త. తర్వాత ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో గుర్‌దేవ్ సింగ్ ఖుష్ బృందం దాన్ని సాగువరిలోకి తెచ్చింది. 1995లో కాలిఫోర్నియాలో పమేలా రొనాల్డ్ బృందం ఆ జన్యువును విడదీసి చూపింది. లూధియానాలో పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు దీన్నీ, ఎక్స్ఏ 13, ఎక్స్ఏ 5 అనే ఇంకో రెండింటినీ కలిపి తమ పీఆర్ 106 వంగడంలో చేర్చారు. అక్కడి నుంచి ఆ మూడూ హైదరాబాద్ వచ్చాయి. ఒక తెగులుకు మందు కోసం మాలి, కటక్, ఫిలిప్పీన్స్, కాలిఫోర్నియా, లూధియానా, హైదరాబాద్! ఏ ఒక్క ప్రయోగశాలా ఇది తన ఘనత అని చెప్పుకోలేదు.

ఇందులో అణుజీవశాస్త్రం అవసరం ఎందుకు వచ్చిందో చెబుతాను. మూడు జన్యువుల్లో ఎక్స్ఏ 21 బలమైనది. అది ఉన్న మొక్కకు తెగులు సోకదు. మరి మిగతా రెండూ ఆ మొక్కలో ఉన్నాయో లేవో చూడడం ఎలా? చూపుకు తెలియదు, ఎందుకంటే తెగులే రాదు కదా. పైగా ఆ రెండూ అంతర్గత జన్యువులు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తే తప్ప వాటి గుణం బయటపడదు. ఒకవైపు నుంచే వస్తే మొక్కలో దాగి ఉంటాయి. పాతకాలపు పద్ధతిలో ఇలాంటివి మూడింటినీ ఒకచోట చేర్చడం దాదాపు అసాధ్యం. అందుకని నారు దశలోనే ప్రతి మొక్క నుంచీ చిటికెడు ఆకు తుంచి, దాన్నుంచి డీఎన్ఏ తీసి, పీసీఆర్ యంత్రంలో ఆ జన్యువు పక్కన ఉండే గుర్తును లక్షల ప్రతులుగా పెంచి, జెల్లు మీద పరిగెత్తిస్తారు. అతినీలలోహిత కాంతిలో చిన్న గీత మెరిస్తే ఆ జన్యువు ఉన్నట్టు. గీత లేని మొక్కను పారేస్తారు. ఉన్నదాన్ని మళ్లీ సాంబ మసూరితోనే సంకరం చేస్తారు, దాన్నే వెనుసంకరం అంటారు. ఇలా నాలుగుసార్లు. ఒక్కో సంకరానికి సాంబ మసూరి వాటా పెరుగుతుంది. నాలుగో వెనుసంకరానికి సగటున 97 శాతం దగ్గరికి వస్తుంది. అంటే రుచీ గింజా పాతవే, రోగనిరోధకత ఒక్కటే కొత్తది.

ఆఖరికి మాత్రం యంత్రాన్ని నమ్మి ఊరుకోరు. మడిలోకి దిగుతారు. బ్యాక్టీరియా కలిపిన నీళ్లలో మామూలు కత్తెర ముంచి, ఒక్కో మొక్క ఆకుల కొసలు కత్తిరించుకుంటూ వెళతారు. కత్తెర తాకిన ప్రతి ఆకుకూ రోగం అంటించినట్టే. రెండువారాలు ఆగి స్కేలు పట్టుకుని మళ్లీ దిగుతారు. ఎండిన భాగం ఎన్ని సెంటీమీటర్లుందో ఆకు ఆకుకూ కొలుస్తారు. పాత సాంబ మసూరి ఆకు చాలా దూరం ఎండిపోయి ఉంటుంది. కొత్తదానిలో కోసిన చోట కొద్దిగా మాడి ఆగిపోయి ఉంటుంది. ఎండలో వంగి నిలబడి వందల ఆకులు కొలిచి పుస్తకంలో రాసుకునే ఈ పనిని ఏ యంత్రమూ తప్పించలేదు. ఈ పని చేసేవాళ్లలో ఎక్కువమంది పీహెచ్‌డీ విద్యార్థులు.

వాళ్ల గురించి ఒక్క మాట చెప్పాలి. పరిశోధన విద్యార్థి అంటే తెల్లకోటు వేసుకుని ఏసీ గదిలో కూర్చునేవాడని బయట అనుకుంటారు. మొక్కల జన్యుశాస్త్రంలో చేరినవాళ్లకు కాలాన్ని నిర్ణయించేది క్యాలెండరు కాదు, పంట. మొదటి సంకరం, నాలుగు వెనుసంకరాలు, ఆ తర్వాత గుణం స్థిరపడడానికి స్వపరాగ సంపర్కంతో ఇంకో రెండు తరాలైనా కావాలి. సార్వా, దాళ్వా కలిపి ఏడాదికి రెండు పంటలు లెక్కేసుకున్నా మూడున్నరేళ్లు. అదీ ఏ పంటా చెడకపోతే. పూతదశలో ఎడతెరిపి లేని వాన వచ్చిందంటే ఆర్నెల్లు పోయినట్టే. బ్యాక్టీరియా మీదో పురుగుల మీదో పనిచేసే స్నేహితులు ఈలోగా పత్రాలు ప్రచురించి, విదేశాలకు వెళ్లిపోతుంటారు. వరి విద్యార్థి ఇంకా చీటీలు కడుతూనే ఉంటాడు. 2023 జనవరి నుంచి జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు, సీనియర్‌కు 42,000 చేశారు. మంచిదే. కానీ ఆ డబ్బు నెలనెలా చేతికి రావాలి. నెలల తరబడి ఆలస్యమైతే, ముప్పై ఏళ్లు దాటబోతున్న కొడుకు, కూతురు ఇంటికి ఫోన్ చేసి అద్దెకు డబ్బు అడగాల్సి వస్తుంది. మన తల్లిదండ్రులు దీన్ని పిల్లల అసమర్థతగా చూడకూడదు. వాళ్లు చేస్తున్న పనే అంత నిదానమైనది.

ఆ నిదానానికి ఫలితం దక్కింది. మెరుగుపరచిన సాంబ మసూరి, ఆర్పీ బయో 226 అనే సంఖ్యతో, 2008లో విడుదలైంది. ఇది జన్యుమార్పిడి పంట కాదు, సంకరం ద్వారానే చేసినది. ఆ మీదట అనుకోని ఇంకో గుణం బయటపడింది. దీని అన్నం గ్లైసీమిక్ సూచిక 55 కంటే తక్కువ. అంటే తిన్నాక రక్తంలో చక్కెర మిగతా బియ్యంతో పోలిస్తే నెమ్మదిగా పెరుగుతుంది. చక్కెరవ్యాధి ఉన్నవాళ్లు ఇది విని ఎంతైనా తినవచ్చనుకోవద్దు. మోతాదు మోతాదే.

ఇప్పుడు కమల దగ్గరికి వద్దాం. ఇందులో మార్చిన జన్యువు పేరు సీకేఎక్స్ 2. దీని సంగతి మొదట తేల్చింది జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు. 2005లో అషికారి, మత్సువోకా బృందం ఒక ప్రశ్న వేసుకుంది. హబతకి అనే వరి వెన్నులో గింజలు బాగా ఎక్కువ, కోషిహికారి అనే జపాన్ వారి ఇష్టమైన వరిలో తక్కువ. ఎందుకు? వెతుక్కుంటూ పోతే ఈ జన్యువు దగ్గర ఆగారు. మొక్కలో సైటోకైనిన్ అనే హార్మోను ఉంటుంది. వెన్ను తయారయ్యే చిగురులో అది ఎంత ఉంటే అన్ని పువ్వులు, అన్ని గింజలు. సీకేఎక్స్ 2 జన్యువు తయారుచేసే ఎంజైము ఆ హార్మోనును విరగ్గొట్టేస్తుంది. ఎంజైము తగ్గితే హార్మోను నిలబడుతుంది, గింజలు పెరుగుతాయి. వాళ్లు పరిశీలించిన చైనా వంగడం ఒకదానిలో ఈ జన్యువులో 11 అక్షరాలు వాటంతటవే రాలిపోయి, జన్యువు పూర్తిగా పనిచేయడం మానేసింది. దాని వెన్ను నిండా గింజలే. జన్యు సవరణ అంటే ప్రకృతి విరుద్ధం అని భయపడేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఈ జన్యువును ఆపేసే పని ప్రకృతి ముందే ఒకచోట చేసి పెట్టింది.

సరిగ్గా అదే ఏడాది, 2005లో, వరి జన్యుపటం కూడా పూర్తయింది. జపాన్ ముందుండి నడిపిన ఆ అంతర్జాతీయ ప్రాజెక్టులో 12 క్రోమోజోముల్లోని సుమారు 39 కోట్ల అక్షరాలను వరుసగా చదివారు. పదకొండో క్రోమోజోములో కొంత భాగాన్ని మన దేశం చదివింది. ఆ పటం లేకపోతే ఏ జన్యువు ఎక్కడుందో, ఏ చోట కోయాలో తెలిసేది కాదు.

కోసే పనిముట్టు 2012లో వచ్చింది. ఎమాన్యుయెల్ షార్పెంటియే, జెన్నిఫర్ డౌడ్నా క్రిస్పర్ పద్ధతిని చూపించారు. 2020లో వాళ్లకు రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. దీన్ని అందరూ జన్యు కత్తెర అంటారు. ఆ పోలిక బాగానే ఉంది, కానీ అసలు మార్పు చేసేది కత్తెర కాదు. అది డీఎన్ఏ తీగను ఒకచోట తెంపుతుంది, అంతే. తెగిన కొసలను కణం తనంతట తానే అతుక్కుంటుంది. ఆ అతుకులో అప్పుడప్పుడు కొన్ని అక్షరాలు జారిపోతాయి. జన్యువు చదువు తప్పుతుంది, ఎంజైము తయారవదు. మనకు కావలసింది అదే.

అయితే ఆ కత్తెరను కణంలోకి పంపాలంటే మొదట దాని జన్యువును మొక్కలో పెట్టాలి. పెట్టినప్పుడు అది పరాయి జన్యువే. తర్వాత దాన్ని తీసేయాలి. ఎలా? ఇక్కడ అత్యాధునికమైనది ఏమీ లేదు. ఆ మొక్కను తనతో తననే పరాగసంపర్కం చేయించి, పిల్లమొక్కలను పెంచుతారు. కత్తెర జన్యువు ఒకేచోట చేరి ఉంటే, పిల్లల్లో నాలుగింట ఒక మొక్కకు అది రాదు. సవరణ మాత్రం ఉంటుంది. ఆ మొక్కను ఏరుకుంటారు. బఠాణీ మొక్కలతో మెండెల్ 1866లో ప్రచురించిన లెక్కే ఇది. నోబెల్ తెచ్చిన పనిముట్టు ఎంత గొప్పదైనా, ఆఖరి ఎంపిక మళ్లీ మడిలో మొక్కలు నాటి, ఒక్కొక్కటీ చూసి ఏరుకునేవాళ్ల చేతిలోనే ఉంది.

సంస్థ చెప్పిన లెక్క ప్రకారం కమల సగటు దిగుబడి హెక్టారుకు 5.37 టన్నులు. అదే పరీక్షల్లో సాంబ మసూరికి 4.5 టన్నులు వచ్చింది. అంటే 19 శాతం ఎక్కువ. కాలం కూడా పదిహేను ఇరవై రోజులు తగ్గి 130 రోజులకు వచ్చింది. నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఆ ఇరవై రోజులే. కాలవ చివరి భూముల రైతుకు ఆఖరి రెండు తడులు అందక పంట ఎండిపోయే బాధ ఎంతటిదో చెప్పక్కర్లేదు. ఇరవై రోజులు ముందు కోతకు వస్తే ఆ నీళ్లు మిగులుతాయి, నవంబరు తుఫానులను తప్పించుకునే అవకాశమూ ఉంటుంది. గింజల సంఖ్య విషయంలో మాత్రం నేను కాస్త నిదానంగా ఉంటాను. వెన్నులో గింజలు ఎక్కువ రావడం ఒక ఎత్తు, అవన్నీ పాలుపోసుకుని నిండడం ఇంకో ఎత్తు. నేలలో సత్తువ చాలకపోతే తాలు గింజలు పెరుగుతాయి. ఇంకొకటి, మార్చింది ఒక్క జన్యువునే కాబట్టి తల్లి బలహీనతలు చాలావరకు పిల్లకూ వస్తాయి. ఎండాకు తెగులు విషయం అలాంటిదే. 2008 నాటి మూడు జన్యువుల పనీ, ఈ కొత్త పనీ ఒకే గింజలో కలవాలి. అది తర్వాతి విద్యార్థుల పని.

పూసా డీఎస్టీ రైస్ 1లో మార్చిన జన్యువు డీఎస్టీ. 2009లో చైనా శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించారు. ఆ జన్యువు పనిచేయని మొక్క ఆకుల మీద పత్రరంధ్రాలు తక్కువగా ఉంటాయి. నీరు ఆవిరైపోవడం తగ్గుతుంది, కరవునూ ఉప్పునూ తట్టుకుంటుంది. 2013లో ఇంకో సంగతి తెలిసింది. ఈ డీఎస్టీయే సీకేఎక్స్ 2 జన్యువును నడిపిస్తుందట! అంటే హైదరాబాద్ వాళ్లూ ఢిల్లీ వాళ్లూ వేరువేరు జన్యువులు పట్టుకున్నా, మొక్క లోపల ఒకే దారిలో పైన ఒకరు, కింద ఒకరు ఉన్నారు. శాస్త్రంలో ఇలాంటి కలయిక చూసినప్పుడు నాకు కలిగే ఆనందం మాటల్లో చెప్పలేను. తీరప్రాంత ఉప్పునేలల్లో ఈ వంగడం తల్లికంటే 30.4 శాతం ఎక్కువ దిగుబడి ఇచ్చిందని ప్రకటించారు. కృష్ణా, గోదావరి డెల్టాల సముద్రపు అంచున చౌడుతో వేగుతున్న రైతులకు అది నిజమై తేలితే అంతకంటే కావలసింది లేదు.

నిజమై తేలితే అని ఎందుకు అన్నానంటే, ఈ పరీక్షల లెక్కల మీద ప్రశ్నలు వచ్చాయి. జన్యుమార్పిడి పంటలను వ్యతిరేకించే సంస్థలు, పరీక్షల ఫలితాలను ఉన్నదానికంటే గొప్పగా చూపించారని ఆరోపించాయి. భారతీయ వ్యవసాయ పరిశోధన మండలి ఆ ఆరోపణలను తోసిపుచ్చింది. అంతకుముందు, 2022 మార్చిలోనే, కేంద్రం ఒక నిర్ణయం తీసుకుంది. పరాయి జన్యువు మిగలని ఇలాంటి సవరణలకు జన్యుమార్పిడి పంటలకుండే కఠిన నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. శాస్త్రరీత్యా ఆ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. కానీ నిబంధన తగ్గినచోట పారదర్శకత పెరగాలి. ఏ ఊరి క్షేత్రంలో, ఏ పంటకాలంలో, తల్లికి ఎంత వచ్చింది, పిల్లకు ఎంత వచ్చింది అనే లెక్కలు సగటులుగా కాకుండా చోటుచోటుకీ విడివిడిగా రైతు చదవగలిగేలా తెలుగులో పెట్టాలి. దేశమంతటా వరి పరీక్షలను సమన్వయం చేసే సంస్థే కమలను తయారుచేసింది కూడా. అందుకని ఆ ఫలితాలను బయటివాళ్లు ఇంకోసారి సరిచూస్తే ఆ సంస్థకే గౌరవం. క్రిస్పర్ పేటెంట్లు ఎక్కువగా విదేశీ విశ్వవిద్యాలయాల చేతిలో ఉన్నాయి. విత్తనం రైతుకు చేరేముందు ఆ హక్కుల సంగతి కూడా తేల్చి చెప్పాలి. రైతు తన పంటలోంచి తాను విత్తనం దాచుకునే హక్కుకు అడ్డు రాకూడదు.

మార్టేరు గురించి చెప్పకుండా ముగించలేను. 1925లో మొదలైన వరి పరిశోధన కేంద్రం అది. వందేళ్లు నిండాయి. దేశంలో లక్షల ఎకరాల్లో పండిన స్వర్ణ, ఎంటీయూ 7029, అక్కడిదే. వరదలో రెండువారాలు మునిగినా బతికే గుణాన్ని ఒడిశా నాటువరి నుంచి తీసి ఏ వంగడంలోకి ఎక్కిద్దామా అని అంతర్జాతీయ శాస్త్రవేత్తలు చూసినప్పుడు ఎంచుకున్న వాటిలో ముఖ్యమైనది ఆ స్వర్ణే. అదే స్వర్ణ సబ్ 1 అయింది. ఎంటీయూ 1010 విడుదలైంది 2000లో. కృష్ణవేణిని ఐఆర్ 64తో సంకరం చేస్తే వచ్చింది. 120 రోజుల పంట. తెలంగాణ సోనా, ఆర్ఎన్ఆర్ 15048, తల్లిదండ్రుల్లో ఒకటి కూడా ఇదే. ఎక్కడెక్కడి ప్రయోగశాలలో ఏ జన్యువు దొరికినా, దాన్ని పెట్టడానికి ఇలాంటి మంచి వంగడం ముందు ఉండాలి. వంగడం బాగాలేకపోతే జన్యువు ఎంత మంచిదైనా రైతు ముట్టుకోడు.

అందుకే ప్రభుత్వాలకు నా విన్నపం ఇది. క్రిస్పర్‌కు డబ్బు ఇవ్వండి, సంతోషం. దానితోపాటు బాపట్లలో, మార్టేరులో, ఇంకా అలాంటి కేంద్రాల్లో ఖాళీగా ఉన్న ప్రజనన శాస్త్రవేత్తల పోస్టులు భర్తీ చేయండి. వెన్ను దగ్గర కూర్చుని పువ్వు కత్తిరించే నైపుణ్యం పుస్తకం చదివితే రాదు, పెద్దవాళ్ల పక్కన కొన్ని పంటకాలాలు పనిచేస్తే వస్తుంది. ఒక తరం శాస్త్రవేత్తలు రిటైరయ్యేలోపు తర్వాతి తరం వాళ్ల పక్కన చేరకపోతే ఆ విద్య అక్కడితో తెగిపోతుంది.

జీవశాస్త్రం చదువుతున్న పిల్లలకు కూడా ఒక మాట. డాక్టరు సీటు రాకపోతే జీవితం అయిపోయిందని అనుకోకండి. అగ్రికల్చర్ బీఎస్సీలోనో, బయోటెక్నాలజీలోనో చేరి, ఆ తర్వాత జన్యుశాస్త్రం పట్టుకుంటే మీరు చేసిన ఒక్క గింజ కోట్లమంది కంచంలోకి వెళుతుంది. దగ్గర్లో పరిశోధన కేంద్రం ఉంటే కిసాన్ మేళా రోజున వెళ్లండి, మడుల దగ్గర నిలబడి అడగండి. అక్కడివాళ్లు ఓపికగా చెబుతారు.

ఇక రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు. వంగడం ప్రకటించినంత మాత్రాన మర్నాడే విత్తనం దొరకదు. ముందు ప్రజనన విత్తనం, దాన్నుంచి మూల విత్తనం, దాన్నుంచి ధ్రువీకరణ విత్తనం రావాలి. ఒక్కో మెట్టుకూ ఒక్కో పంటకాలం పడుతుంది. ఈలోగా కమల అనో, జన్యు సవరణ వరి అనో చెప్పి ఎవరైనా లూజు సంచుల్లో ఎక్కువ ధరకు అమ్మజూపితే కొనకండి. ధ్రువీకరణ విత్తనం సంచికి నీలంరంగు చీటీ ఉంటుంది, దాని మీద వంగడం పేరు, లాటు నంబరు, గడువు తేదీ ఉంటాయి. అవి చూసుకోండి. అనుమానం వస్తే మీ ఊరి వ్యవసాయ విస్తరణాధికారిని గానీ, దగ్గర్లోని పరిశోధన కేంద్రాన్ని గానీ అడిగిన తర్వాతే నారు పోయండి. కొన్న బిల్లు మాత్రం పంట ఇంటికి వచ్చేదాకా దాచుకోండి.